ఉప్పులేని ఇంట్లో పరుగు

మా అత్త పోయిన పద్నాలుగో రోజున ఆమె ట్రంకు పెట్టె తెరిచాం. తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఎవరికీ తెలియదు, మా వదినే రాయి తెచ్చి తాళం పగలగొట్టింది. వదిన అంటే మా ఆయన అక్క, అత్తకి పెద్దకూతురు. పెట్టెలో నాలుగు నేతచీరలు, మా మావ కళ్లజోడు, కలరా ఉండల వాసన, అన్నిటికీ అడుగున పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన గాజు గొట్టం ఒకటి ఉన్నాయి. గొట్టం అడుగంతా మసి పట్టి ఉంది. దాని చుట్టూ మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం. వదిన గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి, "ఇదేటే దమయంతీ, మా యమ్మ ఇంత బద్రంగా దాసుకున్నాది? అత్తరు బుడ్డేటి?" అని ముక్కు దగ్గర పెట్టుకుంది. నిజం చెబితే ముక్కు కడుక్కోడానికి నూతి దగ్గరికి పరుగెత్తేది. ఆ గొట్టంలో నేను ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే నా కూతురి ఉచ్చ కాచాను. కాగితం ఏదో ఆసుపత్రి చీటీ అయి ఉంటుందనుకుని బొడ్లో దోపుకున్నాను.

నా కూతురు పూర్ణకి అప్పుడు నాలుగేళ్లు దాటాయి. జబ్బు మొదట ముఖంలోకి వచ్చింది. నిద్ర లేచేసరికి బుగ్గలు నిండుగా, కళ్లు చిన్నగా ఉండేవి. వీధిలో అందరూ ముచ్చటపడ్డారు. "గుంట బాగా ఒల్లు సేసినాది, ఏటి పెడతన్నావే?" అని అడిగితే నేనూ పొంగిపోయి చోడంబలి, జీడిపప్పు అని గొప్పలు చెప్పుకున్నాను. అత్త రోజూ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసేది. కొన్నాళ్లకి ఆ కళ్లు తెరుచుకోవడం మానేశాయి, పొట్ట బిగిసిపోయింది, గౌను వెనక గుండీలు పట్టలేదు. పలాసలో చూసిన డాక్టరు ఇంటికి కూడా వెళ్లకుండా విశాఖపట్నం రైలెక్కమన్నాడు. అక్కడ పదకొండు రోజులున్నాం. రెండో రోజు పిల్లకి ఊపిరి అందకపోతే నర్సు నన్ను గదిలోంచి బయటికి పంపేసింది. వరండాలో నిలబడ్డ ఆ గంటసేపు నేను ఏ దేవుడికీ మొక్కుకోలేదు. మొక్కాలని తోచనే లేదు. ఒళ్లంతా కోపం వచ్చింది, అంతే. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

మా ఉద్దానంలో కిడ్నీ అన్న మాట చెవిన పడితే ఆ తర్వాతి మాట ఎవరూ వినరు. ఏ వీధికి వెళ్లినా ఒకరో ఇద్దరో ఆ జబ్బుతో బాధపడుతున్నవాళ్లు ఉంటారు. మా మావ దానితోనే పోయాడు. అందుకే మేం ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఊరంతా పరామర్శకి వచ్చి, పిల్ల నా ఒళ్లో కూర్చుని బిస్కెట్టు తింటూండగానే, చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. విశాఖపట్నంలో డాక్టరు చెప్పింది అది కాదు. ఇది పిల్లలకొచ్చే వేరే జబ్బనీ, ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో పోతాయనీ, మందుకి తగ్గి మళ్లీ తిరగబెడుతుందనీ, పెద్దయ్యేసరికి చాలామందికి పోతుందనీ చెప్పాడు. చాలామందికి అన్నాడు, అందరికీ అనలేదు. ఆ గాజు గొట్టం నా చేతికిచ్చి పని నేర్పాడు. పొద్దున్నే మొదటి మూత్రం పట్టి, మంట మీద కాచి, రెండు చుక్కలు వెనిగర్ వెయ్యాలి. నీళ్లలా ఉంటే బాగున్నట్టు. మసకబారితే కొంచెం పోతున్నట్టు. తెల్లగా విరిగితే జబ్బు తిరగబెడుతున్నట్టు, మూడు రోజులు వరసగా అలా విరిగితే మందు మళ్లీ మొదలుపెట్టాలి. ఏ రోజు ఎలా ఉందో నోటుపుస్తకంలో రాసుకోవాలి.

మొదటిరోజు గొట్టం పట్టుకుని వంటింట్లోకి వెళ్తే అత్త గరిటె ఎత్తింది. "నా పొయ్యి మీద ఉచ్చ కాస్తావేటే? ఈ పొయ్యి మీద నేవేద్యం వొండుతాను నాను." అందుకని పెరట్లో జీడిపిక్కలు కాల్చుకునే పొయ్యి దగ్గర పెట్టాను నా ఆఫీసు. గొట్టానికి బట్టల క్లిప్పు తగిలించి, రెండు కొబ్బరి మట్టలు వెలిగించి, గొంతుక్కూర్చుని కాచేదాన్ని. పిక్కల్లోంచి కారి పొయ్యి రాళ్లకి పట్టిన జీడి వేడెక్కితే ఆ పొగకి కళ్లు మండేవి. అంత మంటలోనూ కళ్లు ఆర్పకుండా ఆ నాలుగు వేళ్ల గాజునే చూస్తూ ఉండేదాన్ని.

ఉప్పు సంగతి ఇక్కడే చెప్పాలి. ఒంట్లో నీరున్నప్పుడు ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు. మావ పథ్యం అంతా దగ్గరుండి చూసిన అత్తకి ఆ మాట ఉప్పు విషం అన్నట్టు వినిపించింది. పూర్ణ చప్పిడి పప్పన్నం ఉమ్మేసి, నా కంచంలోది కావాలని కాళ్లు తపతప కొట్టుకుంటూ ఏడ్చింది. అత్త కంచం ముందు నుంచి లేచి, ఉప్పు జాడీ తీసుకెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో బోర్లించింది. మా వైపు కొబ్బరికి ఉప్పు వెయ్యడం మామూలే గానీ, జాడీ జాడీ వెయ్యడం ఎవరూ చూడలేదు. "ఈ గుంట తినీదాకా ఈ ఇంటాన ఎవులూ ఉప్పు ముట్టుకోరాదు. ఒట్టు" అంది. ఎండుచేపలూ ఆవకాయా వదిన ఇంటికి పోయాయి. మా ఆయన అండమాన్‌లో తాపీపనిలో ఉన్నాడు, ఫోన్లో విని అక్కడ తానూ మానేస్తానన్నాడు, ఎన్నాళ్లు మానేశాడో నాకు తెలియదు. ఊరంతా అత్తని మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఇంటిల్లిపాదీ మానెయ్యాలా అని డాక్టరుని ఒక్క మాట అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

మా కన్నవారిది నిమ్మాడ పక్క. బళ్లో ఉండగా టెక్కలి డ్రిల్లు మేస్టారు నన్ను జిల్లా పోటీల దాకా పరుగెత్తించారు. పెళ్లయ్యాక మానేశాను. ఎవరూ మానమని అనలేదు, మానేశావేమని కూడా ఎవరూ అడగలేదు. పిల్లని మూడోసారి చూపించడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు బీచి రోడ్డులో గోడకి అంటించిన మారథాన్ కాగితం కనిపించింది. నలభై రెండు కిలోమీటర్లు. పూర్ణ నా భుజం మీంచి చూసి, "అదేటమ్మా?" అంది. పరుగు అన్నాను. "ఎవులు పరిగెడతారు?" అంది. "నేను" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు గానీ, వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఎందుకని అప్పుడు అడిగినవాళ్లకి జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్పగలను. మందు ఎంత వేళకి వేసినా, ఎంత శుభ్రంగా ఉంచినా, తెల్లబడాలనుకున్న రోజున గొట్టం తెల్లబడేది. నా కష్టానికి అక్కడ విలువ లేదు. రోడ్డు అలాంటిది కాదు. ఈ వారం ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తితే వచ్చే వారం తొమ్మిది ఇచ్చేది. కష్టానికి లొంగేది ఒక్కటైనా ఉండకపోతే నేను ఆ ఇంట్లో పిచ్చిదాన్నయిపోయేదాన్ని.

తెల్లవారగానే గొట్టం కాచి, పుస్తకంలో రాసి, పిల్లకి మాత్ర వేసి, అత్త పక్కన కూర్చోబెట్టి బయల్దేరేదాన్ని. ఊరి నుంచి సముద్రం దాకా జీడితోటల మధ్య ఇసకబాట. పూత కాలంలో తియ్యటి ఘాటు వాసన, పళ్ల కాలంలో రాలి కుళ్లిన జీడిమామిడి పళ్ల పులుపు వాసన. కాలు మడమ దాకా దిగబడే ఇసకలో ఒక కిలోమీటరు తారు రోడ్డు మీద రెండింటికి సమానమని మేస్టారు అనేవారు. మా ఆయన పాత టీషర్టు వేసుకుని పరుగెడుతుంటే జీడిపిక్కలు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు బాట దిగి నిలబడేవారు. "బిడ్డ మంచాన పడితే తల్లికి పరుగులేటే?" అని ఒక పెద్దమ్మ రోజూ అనేది. నేను ఆగకుండానే, "బిడ్డ మంచాన నేదు పెద్దమ్మా, బడికెల్లడానికి తయారవుతున్నాది!" అని అరిచేదాన్ని. ఆవిడ మర్నాడు మళ్లీ అదే అనేది, నేనూ అదే అరిచేదాన్ని. నా మీద జాలిపడ్డవాళ్లని క్షమించాను గానీ, నా పిల్లని బతికుండగానే పోయినవాళ్లలో కలిపేసినవాళ్లని క్షమించలేదు.

పరుగు మొదలుపెట్టిన నాలుగో నెలకి కాళ్ల పిక్కలు పట్టెయ్యడం మొదలైంది. కడుపులో తిప్పడం, చెవుల్లో హోరు. దిష్టి అనుకున్నాను, రక్తం తక్కువనుకున్నాను. ఒకరోజు పాతిక కిలోమీటర్లు పెట్టుకుని, ఒడ్డున చేపలు పట్టే పల్లెవాళ్ల ఇళ్ల దగ్గరికి వెళ్లేసరికి కాళ్లు తేలిపోయి వలల మీద పడ్డాను. మా ఊరికి రోజూ చేపలు తెచ్చే లచ్చమ్మ చూసి నన్ను నీడకి లాక్కెళ్లింది. ఆమెకీ మా అత్తకీ బేరం దగ్గర ఇరవై ఏళ్ల పోరు. నా ఒంటి మీద ఎండిన చెమట వేలితో రాసి చూసి, తన అంబలి ముంతలో రెండు చిటికెల ఉప్పు కలిపి నోటికి పెట్టింది. నేను పెదాలు బిగించి, "ఉప్పొద్దు, ఇంటికాడ ఒట్టు" అన్నాను. "సంద్రం ఒడ్డుకొచ్చి ఉప్పొద్దంతావేటే? నోరు తెరు" అని తల వెనక్కి వంచి పోసింది. ముంతెడు తాగాను, ఇంకో ముంతెడు అడిగి తాగాను. అన్ని నెలల తర్వాత నాలిక్కి ఉప్పు తగిలితే వెక్కివెక్కి ఏడ్చాను. తప్పు చేశానని కాదు, ఆ రుచికి ఏడ్చాను.

ఇంటికొచ్చి అత్తకి జరిగింది చెప్పేశాను. ఆమె బియ్యం ఏరుకుంటూ వింది. మర్నాడు లచ్చమ్మ వస్తే గుమ్మం దగ్గర ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, ఆ రోజు బేరం లేదు. ఆ తర్వాతి రోజు నేను బయల్దేరుతుంటే అత్త నా వైపు చూడకుండానే, "లచ్చమ్మ ఇంటికాడ అంబలి తాగొచ్చీ. మూతి కడుక్కుని మరీ రా. గుంట ముందర నోరిప్పకు" అంది.

"మరి ఒట్టో అత్తా?"

"ఒట్టు ఈ ఇంటాన. సంద్రం ఈ ఇంటాన ఉన్నాదేటి?"

మూతి కడుక్కునేదాన్ని గానీ చేతులు కడుక్కోవాలని తెలియలేదు. ఒకరోజు పరుగు నుంచి వచ్చి అరుగు మీద కూలబడితే పూర్ణ వచ్చి ఆనుకుంది. ఉన్నట్టుండి నా మోచేతి మీద చిన్న నాలుక తగిలింది. "అమ్మా, నువ్వు ఉప్పగున్నావు" అంది, పండగొచ్చినంత సంబరంగా. అప్పటి నుంచి రోజూ నేనొచ్చే వేళకి అరుగు మీద కాపలా. "ఇయ్యాల ఎంత దూరం?" అని అడిగేది. పద్దెనిమిది అంటే నాకి చూసి, "మొన్నటికన్నా బాగున్నాది" అనేది. ఎక్కువ దూరానికి ఎక్కువ ఉప్పని దానికి లెక్క తెలిసిపోయింది. భయపడి ఎడమచెయ్యి మాత్రమే, అదీ ఒక్కసారే అని కట్టడి పెట్టాను. అత్త చూసింది. చూసి, కొబ్బరిచెట్టు వైపు తిరిగి కాకుల్ని తోలింది.

పరుగు ఆదివారం. గొట్టం తెల్లగా విరిగితే వెళ్లనని నాకు నేనే చెప్పుకున్నాను. శనివారం పొద్దున్న విరగలేదు, మసకబారింది. నేను బూట్లు విప్పేశాను. అత్త వచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. "తొడుక్కో" అంది. రేపు పొద్దున్న ఇది ఎవరు కాస్తారు అన్నాను. ఆమె నా చేతిలోంచి గొట్టం లాక్కుంది. నా తరవాత దాన్ని ముట్టుకున్న మొదటి మనిషి ఆమే. "నాను కాస్తాను" అంది. నీ పొయ్యి మీదా అన్నాను. "నేదు, నీ నెత్తి మీద. బేగి ఎల్లు, పలాసలో రైలెల్లిపోతాది." ఆదివారం తెల్లవారి బీచి రోడ్డులో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. "నీల్లలాగున్నాది. ఎల్లి పరిగెట్టు" అని పెట్టేసింది.

పరుగెత్తాను. ముప్పై కిలోమీటర్ల దాకా నేనే పరుగెత్తాను, ఆ తర్వాత ఎవరు పరుగెత్తారో చెప్పలేను. నా కన్నా రెట్టింపు వయసువాళ్లు నన్ను దాటిపోయారు. గీత దాటేసరికి అవతల టెంట్లు విప్పుతున్నారు, నా వెనక పది పదిహేను మంది కూడా లేరు. మెడలో పతకం వేసిన అమ్మాయి కష్టంగా ఉందా అని అడిగితే నవ్వొచ్చింది. స్నానం చెయ్యకుండా అలాగే రైలెక్కాను. సాయంత్రానికి ఇల్లు చేరితే పూర్ణ అరుగు మీద ఉంది. కళ్ల చుట్టూ కొద్దిగా ఉబ్బుగా కనిపించింది. కట్టడి మర్చిపోయి రెండు చేతులూ ఇచ్చేశాను. తీరిగ్గా నాకి, "అన్నిటికన్నా ఇదే ఉప్పగున్నాది" అంది.

సోమవారం గొట్టం తెల్లగా విరిగింది. మంగళవారమూ విరిగింది. మూడో రోజు కూడా చూసి మందు మొదలుపెడదామనుకుంటే అత్త ఒప్పుకోలేదు. "ఇయ్యాలే వేసీ" అని పట్టుబట్టింది. మూడు రోజులు కాలేదత్తా అంటే, "నాను సెప్తన్నాను, వేసీ" అని కసిరింది. డాక్టరుకి ఫోన్ చేస్తే వాపుంటే వేసెయ్యమన్నాడు, వేశాను. అయినా ఆ తిరగబెట్టడం గట్టిది, మళ్లీ ఆరు రోజులు ఆసుపత్రి. అక్కడే మా ఒట్టు సంగతి బయటపడింది. "వాపున్నప్పుడు తగ్గించమన్నానమ్మా, ఇంటిల్లిపాదినీ మానెయ్యమన్నానా?" అని డాక్టరు తల పట్టుకున్నాడు. అత్త ఆయన్ని నమ్మలేదు గానీ, వాపు తీశాక ఇంటికొస్తూ కాశీబుగ్గ బజారులో దిగి ఉప్పు కొంది. పూర్ణ కంచంలో తన చేత్తో చిటికెడు వేసి, తర్వాత తన కంచంలో వేసుకుంది.

ఊరికి మాత్రం ఒక కథ దొరికింది. తల్లి పతకానికి పోతే బిడ్డ ఉబ్బిపోయింది. వదిన ఆ కథని ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో వడ్డించింది. దానికి నా దగ్గర ఒకటే జవాబు. నేను పరుగెత్తిన రోజు గొట్టం నీళ్లలా ఉంది, కావాలంటే మీ అమ్మనే అడుగు. అడిగిన ప్రతిసారీ అత్త, "అవును, నాను సూసినాను. నీల్లే" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లూ తలెత్తుకు తిరిగాను. జబ్బు ఇంకో మూడుసార్లు తిరగబెట్టి, పదో ఏడు దాటాక పూర్ణని వదిలిపెట్టింది. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు, కోటబొమ్మాళిలో పిల్లలకి లెక్కలు చెబుతోంది. ఇసకబాట తారు రోడ్డయింది, తుఫాను జీడితోటల్ని సగానికి సగం పడగొట్టాక ఆ బాటలో నీడ లేదు. గొట్టాలు కాచే బాధ లేదు, కాగితం ముక్క ముంచితే రంగు చెప్పేస్తుంది. పొద్దున్నే ఆడపిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెడుతుంటే ఎవరూ బాట దిగి నిలబడటం లేదు. వాళ్ల వెనకే పరుగెడుతూ చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది, కొంచెం కుళ్లుగా కూడా ఉంటుంది.

పెట్టె తెరిచిన రోజు సాయంత్రం వంటింట్లో నిలబడి బొడ్లోని కాగితం తీశాను. మా నోటుపుస్తకంలోంచి చింపిన కాగితమే. పెన్సిలుతో, ఒకటో తరగతి అక్షరాలు. ఆదివారం. తెల్లగ వచింది. పెరుగు లాగ. కింద అత్త మసి వేలిముద్ర. సంతకం పెట్టాల్సిన చోట ఎప్పుడూ వేలిముద్రే వేసేది, ఇక్కడా వేసింది. ఆ మంగళవారం ఎందుకు పట్టుబట్టిందో ఇన్నేళ్లకి అర్థమైంది. ఆమె లెక్కలో అది మూడో రోజే. పూర్ణని పిలిచి కాగితం చూపించాను. అది చదివి, పెదవి కొరుక్కుని నవ్వింది.

"నానే రాసాను. మామ్మ తన నేవేద్యం పొయ్యి మీదే కాసింది, నాకు సూపించింది. అమ్మకి సెప్పీమంతావా అని నన్నే అడిగిందమ్మా. నానే వొద్దన్నాను."

"ఎందుకే?"

"సెప్తే ఎనక్కి వచ్చేత్తావు కదా. నువ్వు పరిగెట్టకపోతే నాకు ఉప్పెవులు తెత్తారు?"

నిజమే, వెనక్కి వచ్చేసేదాన్ని. వచ్చేస్తే ఇంక జన్మలో బూట్లు తొడిగేదాన్ని కాదు, నా సంగతి నాకు తెలుసు. అత్త ఒకసారి అబద్ధమాడి, దాన్ని పదహారేళ్లు నా కోసం మోసింది. పూర్ణ భుజం మీద ఏడ్చాను. అప్పుడే అరుగు మీంచి వదిన గొంతు వినిపించింది. పరామర్శకి వచ్చినవాళ్లకి పాత కథ చెబుతోంది. "ఈ పిల్లేనే. తల్లి పరుగుపందేలకి పోనాదా, ఇక్కడ ఒల్లంతా ఉబ్బిపోనాది." కాగితం చేత్తో పట్టుకుని బయటికి వెళ్లాను. వాళ్లంతా నా పాత జవాబు కోసం తలెత్తారు.

"ఒదినా, ఆ రోజు గొట్టం నీల్లలాగ నేదు. తెల్లగా వచ్చినాది, పెరుగులాగ. మీ అమ్మకి తెలుసు, నా గుంటకి తెలుసు. ఇద్దరూ కలిసే నన్ను పరిగెట్టించినారు. ఆ పొద్దు నాకు తెలియదు. తెలిసినా పరిగెట్టాల్సిందే."

నా వెనక గుమ్మంలో పూర్ణ నిలబడి ఉంది. పద్నాలుగు రోజులుగా ఆపిన పరుగు మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. తిరిగొచ్చేసరికి అరుగు మీద పూర్ణ కూర్చుని ఉంది. "ఇయ్యాల ఎంత దూరం?" అంది. నేను ఎడమచెయ్యి చాపాను.